తెరలోని ఊరికి ప్రయాణము

బాల్యమున ఆడుకొన్న చోటును పెద్దయిన పిమ్మట మరల చూడవలెనను కోరిక మనుష్యులకు సహజము. కొందరికి ఆ చోటు రావిచెట్టు క్రింది అరుగు, కొందరికి చెరువుగట్టు, మరికొందరికి దేవాలయము వెనుకనున్న ఖాళీ స్థలము. ఆ చోట్లు నేడు ఉన్నను లేకున్నను, ఒకప్పుడు భూమిపై ఉండెననుట నిజము. కాని గత శతాబ్దపు చివరి దశకములలో పెరిగిన ఒక తరమువారి ఆటస్థలము భూమిపై ఎన్నడును లేదు. అది టెలివిజను తెరపై మాత్రమే ఉండెడిది. మీట నొక్కగనే వెలసి, కరెంటు పోగానే మాయమగుచుండెడిది. అట్టి చోటికి మరల పోవుట యెట్లు?

ఆ కోరిక గలవారికొరకు జపాను దేశమున, ఒసాకా నగరములో, తెరమీది ఆ ఊరినే నేలపై నిర్మించిరి. దాని పేరు సూపర్ నింటెండో వరల్డ్. సూపర్ మారియో బ్రదర్స్ అను వీడియో ఆట దానికి ఆధారము. ఆ వినోదవనము ఎట్టిది, ఎట్లు వచ్చినది, అచటికి పోయినవారికి ఏమి దొరకును, ఏమి దొరకదు అను విషయములను ఇచట విచారింతము.

ఈ ఆటను ఎరుగని పెద్దలకు మన వైకుంఠపాళి చక్కని పోలిక. గళ్ళలో నిచ్చెనలు, పాములు ఉండును. గవ్వలు వేసి, కాయను నడిపి, ఎక్కుచు దిగుచు చిట్టచివరకు పరమపదము చేరవలెను. మారియో ఆటయు అట్టి యాత్రయే. కాని గవ్వల అదృష్టమునకు మారుగా ఇందు చేతి నేర్పు ప్రధానము. ఎర్ర టోపీయు, గుబురు మీసమును గల మారియో అను పొట్టివాడు తెరపై ఎడమనుండి కుడికి పరుగెత్తును. ఆటగాడు మీటలు నొక్కి అతనిని ఎగిరించవలెను. ప్రశ్నార్థకపు గుర్తుగల దిమ్మను ఎగిరి క్రిందినుండి గుద్దినచో నాణెమో, పుట్టగొడుగో వెలువడును. పుట్టగొడుగును అందుకొన్నచో మారియో రెండింతలగును. కొన్ని పచ్చని గొట్టములలోనికి దూరినచో పాతాళమున నాణెముల గది కనబడును. దారిలో శత్రువులు, అగాధములు. చివరకు కూపా అను రాక్షసుని కోట. పాశ్చాత్య దేశములలో ఇతనికే బౌజరు అని పేరు. పీచ్ అను రాజకుమారి ఇతని చెరలో నున్నది. ఒక్కొక్కదానిలో నాలుగేసి భాగములు గల ఎనిమిది లోకములను, అనగా 32 మజిలీలను, దాటినగాని ఆమెకు విడుదల లేదు.

దీనిని నిర్మించిన నింటెండో సంస్థ 1889వ సంవత్సరమున క్యోటో నగరములో పుట్టినది. ఫుసాజిరో యామవుచి అను నాతడు హనఫుదా అనెడి పూలబొమ్మల పేకముక్కలను తయారు చేయుటకై దానిని స్థాపించెను. పేకముక్కలనుండి బొమ్మలకును, బొమ్మలనుండి వైద్యుత క్రీడలకును ఆ సంస్థ క్రమముగా నడచినది. 1981లో వెలువడిన డాంకీ కాంగ్ అను ఆటలో మన మారియో మొదట దర్శనమిచ్చెను. అప్పుడతనికి మారియో అను పేరు లేదు. జంప్‌మ్యాన్, అనగా ఎగురువాడు, అని మాత్రమే పిలిచిరి. ఆ పాత్రను సృష్టించినవాడు షిగేరు మియమోటో. 1983 జూలైలో టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఫామికాం అను యంత్రమును నింటెండో విడుదల చేసెను. 1985 సెప్టెంబరు 13వ తేదీన ఆ యంత్రముపై సూపర్ మారియో బ్రదర్స్ వెలువడెను. ప్రపంచమున దాని ప్రతులు 4 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

ఈ ఆట యావత్తును 40 కిలోబైట్ల స్థలములో ఇమిడ్చిరి. మాటలలో చెప్పవలెనన్న, రమారమి ఇరువది పుటల ఆంగ్లపు టైపు ప్రతికి సరిపోవు చోటు మాత్రమే. అందులోనే ఎనిమిది లోకములు, వాని శత్రువులు, వాని సంగీతము ఇముడవలెను. అందువలన నిర్మాతలు మిక్కిలి పొదుపరులైరి. ఆ ఆటలోని తెల్లని మేఘమును, నేలపై నున్న పచ్చని పొదను పరికించి చూచినచో రెండును ఒకే బొమ్మ యని తెలియును. రంగు మాత్రమే మారినది. మారియో మీసముకూడ పొదుపునుండి పుట్టినదే. కొద్దిపాటి చుక్కలతో నోటిని గీయుట కష్టము. మీసము పెట్టినచో ముక్కు స్పష్టముగా కనబడును, నోటి అవసరము తీరును. జుట్టు గీయు శ్రమ తప్పించుటకు టోపీ. చేతుల కదలిక తెలియుటకు భుజములకు తగిలించిన పట్టీల దుస్తు. ఇట్లు మిగిలిన లోపమునంతను పూరించినవాడు ఆడుచున్న బాలుడు. తెరపై నున్నది నాలుగు చుక్కల పొద. వాని మనస్సులో నున్నది అడవి.

సంగీతము విషయమున కూడ ఇట్లే జరిగినది. రేడియో వినువారికి ఇది ప్రత్యేకముగా ఆసక్తి కలిగించును. కోజీ కొండో అను స్వరకర్తకు ఆ యంత్రములో రాగము పలికించుటకు మూడు ధ్వనిమార్గములును, తాళమువంటి చప్పుడుకొరకు మరియొకటియు ప్రధానముగా లభించినవి. నాణెము దొరకినప్పుడు మ్రోగు చప్పుడుకూడ వానిలోనుండియే చోటు తీసికొనవలెను. అయినను ఆతడు కూర్చిన వరుస ఒకసారి విన్నవారి చెవిని విడువదు. 2023లో అమెరికా దేశపు కాంగ్రెసు గ్రంథాలయము, భద్రపరుపదగిన ధ్వనిముద్రణల జాతీయ పట్టికలో దీనిని చేర్చినది. వీడియో ఆటల సంగీతములో ఆ గౌరవము పొందిన మొదటిది ఇదియే.

తెలుగువారి ఇండ్లకు ఈ ఆట 1990 ప్రాంతములలో దొడ్డిదారిని వచ్చినది. ఫామికాంను అనుకరించి చేసిన చౌక యంత్రములు బజారులలో దొరకెడివి. ఆటను నిక్షేపించిన ప్లాస్టికు పెట్టెను మన పిల్లలు క్యాసెట్టు అని పిలిచిరి. అది పనిచేయనప్పుడు నోటితో ఊది మరల పెట్టుట అందరెరిగిన చికిత్స. వేసవి సెలవులలో ఒక ఇంట యంత్రమున్నచో వీథిలోని పిల్లలందరు అచటనే చేరెడివారు. ఒకడు ఆడుచుండగా నలుగురు సలహాలు చెప్పెడివారు. మారియో ప్రాణము పోయినచో మీటలు మరియొకని చేతికి పోయెడివి. ఒంటరిగా ఆడు ఆట యని పెద్దలు తలచిన దానిని మన ముంగిళ్ళలోని పిల్లలు వంతులవారీ ఆటగా మార్చుకొనిరి. ఈ సంగతి ముందు మనకు అవసరమగును.

ఇక వినోదవనము కథ. ఒసాకా సముద్రతీరమున, కొనొహన వార్డులో, యూనివర్సల్ స్టూడియోస్ జపాన్ అను విశాలమైన విహారస్థలము 2001 మార్చి 31న తెరువబడెను. చలనచిత్రములలోని దృశ్యములను నేలపై నిర్మించి చూపుట వారి వృత్తి. 2015లో నింటెండోవారును యూనివర్సల్‌వారును కలిసి పనిచేయుటకు నిశ్చయించిరి. ఒసాకా నిర్మాణమునకు 5,000 కోట్ల యెన్లకు మించి వ్యయమగునని 2016లో ప్రకటించిరి. 2020లో తెరువవలెనని అనుకొన్నది కరోనా వ్యాధి వలన వాయిదా పడి, 2021 మార్చి 18న ప్రజలకు లభ్యమైనది. తరువాత అమెరికాలో యూనివర్సల్ స్టూడియోస్ హాలీవుడ్ నందు 2023 ఫిబ్రవరిలోను, ఆర్లాండోలో 2025 మే నెలలోను ఇట్టివే వెలసినవి. ఒసాకాలో 2024 డిసెంబరు 11న డాంకీ కాంగ్ పేరిట మరియొక భాగము చేరినది.

సందర్శకుడు మొదట పచ్చని గొట్టములో ప్రవేశించును. ఆటలో మారియో లోకమునుండి లోకమునకు పోవునట్టి గొట్టమే ఇది. కాని మనిషి నిలువుగా నడచి పోవునంత పెద్దది. దానిని దాటగనే రాజకుమారి కోటలోని మందిరము. కోట ద్వారము దాటి వెలుపలికి రాగానే ఒక ఎత్తైన చోట నిలిచియుందుము. ఆ లోకమంతయు ఒక్కసారిగా కండ్లయెదుట పరచుకొనును. సంక్రాంతి బొమ్మలకొలువును తలచుకొనుడు. మెట్టుమెట్టునకు బొమ్మలు, కొండలు, చెట్లు, నాణెములు. ఒకచోట తాబేళ్ళు అటునిటు నడచుచుండును, ఒకచోట పుట్టగొడుగు వంటి శత్రువు పచారు చేయుచుండును, ఒకచోట పూవు నోరు తెరచి మూయుచుండును. ఒకవైపు శిఖరముపై పతాకముగల కొండ. మరియొకవైపు కూపా రాక్షసుని నల్లని కోట. వెలుపలి నగరము కనబడకుండునట్లు చుట్టును గోడలు, కొండలు నిర్మించిరి. చూపు ఎటు తిరిగినను ఆటయే కనబడవలెనని దీని ఉద్దేశము.

అయితే బొమ్మలకొలువును చేతితో తాకరాదని పెద్దలు చెప్పుదురు. ఇచట తాకినగాని ఫలము లేదు. మణికట్టునకు కట్టుకొను ఒక పట్టీని ప్రవేశరుసుముతో సంబంధము లేక వేరుగా విక్రయింతురు. మారియో, అతని తమ్ముడు లూయిజీ, రాజకుమారి పీచ్ మొదలగు పాత్రల గుర్తులతో అవి దొరకును. పట్టీలో చిన్న వైద్యుత చిహ్నము ఇమిడియుండును. దానిని చరవాణిలోని ఒక ఉపకరణముతో జతచేసికొనవచ్చును. ప్రశ్నార్థకపు దిమ్మ క్రిందికి పోయి, చేయెత్తి గుద్దినచో, చిన్ననాడు విన్న ఆ నాణెపు చప్పుడే మ్రోగును. మన లెక్కలో ఒక నాణెము చేరును.

ఇవి గాక తాళపుచెవుల పరీక్షలు ఐదు కలవు. ఒకదానిలో చక్రమును వేగముగా త్రిప్పి శత్రువును పడద్రోయవలెను. మరియొకదానిలో దిమ్మను సరియైన క్షణమున కొట్టి తాబేటిచిప్పను గురిచూచి పంపవలెను. ఇంకొకదానిలో నిద్రించుచున్న మాంసభక్షక పుష్పము మేల్కొనకుండ, గణగణ మ్రోగు గడియారములను ఒక్కొక్కటిగా ఆపవలెను. దీనికి ఇద్దరు ముగ్గురు కలిసి అటునిటు పరుగెత్తక తప్పదు. ఐదింటిలో మూడు చెవులు సంపాదించినవారికి కూపా కుమారుని ఎదుర్కొను గదిలో ప్రవేశము లభించును. అచట మన నీడయే ఆటగాడు. గోడమీద మన నీడ ఎగురును, వంగును, కొట్టును. చేతిలో మీటలు లేవు, శరీరమే మీట.

వాహనములు ముఖ్యముగా రెండు. కొండచుట్టును మెల్లగా తిరుగు యోషీ వాహనము పసిపిల్లలకును, వృద్ధులకును తగినది. దారిలో మూడు రంగుల గ్రుడ్లను వెదకి మీట నొక్కుట అందలి వినోదము. రెండవది కూపా కోటలో నడచు మారియో కార్ట్ పందెము. నలుగురు కూర్చుండు బండిలో ప్రతివానికిని ఒక చక్రము ఉండును. టోపీవంటి శిరస్త్రాణమునకు ముందొక అద్దము తగిలింతురు. ఎదుట నిజముగా కట్టిన దృశ్యములమీదనే, ఆ అద్దములో యంత్రము చిత్రించిన శత్రువులు తిరుగుచున్నట్లు కనబడుదురు. తల ఎటు త్రిప్పిన అటు గురి. మీట నొక్కినచో చిప్ప ఎగిరిపోయి శత్రువునకు తగులును. నిజమైన గోడయు, లేని రాక్షసుడును ఒకే చూపులో కలియుట ఇందలి విశేషము.

ఇది వినినవారికి మయసభ జ్ఞప్తికి రావచ్చును. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనుకొని, నీటిని నేలయనుకొని మోసపోయెను. ఇచటికి వచ్చువారు మాయయని తెలిసియే, రుసుము చెల్లించియే ప్రవేశింతురు. అయినను వారిలో కొందరు దుర్యోధనునివలెనే ఖిన్నులై తిరిగిపోవుట కద్దు. కారణము విచారింపదగినది.

ఆటలో కొరత యుండెను గనుక బాలుని ఊహకు పనియుండెను. వినోదవనమున కొరత లేదు. పొద పొదగానే, మేఘము మేఘముగానే, ఇటుక ఇటుకగానే చేయబడినవి. చూచువాని ఊహ చేయవలసిన పని శిల్పులే ముగించి పెట్టిరి. మరియొక భేదము కూడ ఉన్నది. ఆటలో అగాధమున పడినచో మరల మొదలిడవచ్చును, ఓటమికి ఖరీదు లేదు, మధ్యాహ్నమంతయు మనదే. వినోదవనమున కాలమునకు వెల యున్నది, వరుసలో నిలువవలెను, సాయంకాలమునకు వెడలిపోవలెను. కాబట్టి పాత చిత్రమును మరల చూచి పాత ఆనందమును యథాతథముగా పొందుదునని వచ్చువాడు, మొదటి పది నిమిషముల అబ్బురము తీరిన పిమ్మట, ఇంతేనా యని నిట్టూర్చును. చిత్రము పెద్దదైనది, తానును పెద్దవాడైనాడు, రెండింటి మధ్య నుండిన బాల్యము ఏ గొట్టములోను దొరకదు.

ఈ నిరాశ తనతోనే పోయినచో నష్టము లేదు. దానిని బిడ్డపై మోపుటయే చిక్కు. నేడు ఒసాకా పోవు తండ్రి తన చిన్ననాటి లోకమును కుమార్తెకు చూపవలెనని ఎంతయో వ్యయపడి పోవును. ఆ బాలికకు మారియో తెలిసిన వాడే కావచ్చును. కాని ఆమె ఎరిగిన మారియో వేరు. తండ్రి యంత్రములో క్యాసెట్టు ఊదినప్పటి ఉత్కంఠ ఆమెకు లేదు. కోటలోనుండి వెలుపలికి రాగానే తండ్రి కన్నులు చెమ్మగిల్లవచ్చును. అదే క్షణమున ఆమెకు దాహము వేయవచ్చును. అప్పుడు తండ్రికి కోపము వచ్చుట న్యాయము కాదు. ఎవరి బాల్యము వారిది. ఒకరి జ్ఞాపకమును మరియొకరికి చూపవచ్చును గాని, దానిలోని సంతోషమును బదిలీ చేయుట సాధ్యము కాదు.

మరి ఇంత దూరము పోయి లాభమేమి యని అడుగవచ్చును. లాభము గుద్దుటలో నున్నది, చూచుటలో లేదు. ముందు చెప్పిన మన వీథి పిల్లలను తలచుకొనుడు. వారికి తెరమీది పొద ప్రధానము కాదు, వంతు ప్రధానము. ఒకడు ఆడగా నలుగురు కేకలు వేయుట ప్రధానము. ఒసాకా వనములో గడియారముల నాపు పరీక్షవద్ద సరిగా అదే జరుగును. తండ్రి ఒక గడియారము వద్దకును, కుమార్తె మరియొకదాని వద్దకును పరుగెత్తవలెను. ప్రక్కనున్నవారు ఏ దేశస్థులైనను, ఏ భాషవారైనను, చేతులతో సైగచేసి, అదిగో ఆ గడియారమని చూపుదురు. పరీక్ష తప్పినచో అందరును నవ్వుదురు; మరల వరుసలో నిలుతురు. అచట తండ్రి తన బాల్యమును చూపుట లేదు. బిడ్డ బాల్యములో పాల్గొనుచున్నాడు. ఈ రెండింటికిని భేదము తెలిసినవానికి ప్రయాణము వ్యర్థము కాదు.

పోదలచినవారికి కొన్ని సూచనలు. ఒసాకా స్టేషనునుండి నిషికుజో మీదుగా యుమెసాకి రైలుమార్గమున యూనివర్సల్ సిటీ స్టేషను చేరవలెను, అచటినుండి నడకదూరమే. జనసమ్మర్దము గల దినములలో ప్రధాన ద్వారమున ప్రవేశచీటీ ఉన్నంతమాత్రమున మారియో లోకమున ప్రవేశము లభింపదు. ఆ భాగమునకు వేళ నిర్ణయించిన వేరొక చీటీ కావలెను. కనుక ఉదయముననే పోవుట మేలు. మారియో కార్ట్ వాహనమునకు 122 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెను. పెద్దల తోడున్నచో 107 సెంటీమీటర్లు చాలును. బిడ్డకు వాగ్దానము చేయుటకు ముందు గోడవద్ద నిలిపి కొలిచినచో ద్వారమువద్ద కన్నీరు తప్పును. మణికట్టు పట్టీ లేనివారు పరిసరములను చూడవచ్చును, వాహనము లెక్కవచ్చును. కాని తాళపుచెవుల పరీక్షలలో పాల్గొనలేరు. ఏది మానినను మానవచ్చును గాని, పట్టీ కొని పరీక్షలు మానుట మాత్రము బేరము కాదు. శాకాహారులు భోజనసంగతి ముందే విచారించుకొనవలెను.

కాలము గలవారు మరునాడు ఉజీ పట్టణమునకు పోవుట మంచిది. క్యోటోకు దక్షిణముగా, పూర్వము నింటెండోవారు పేకముక్కలు చేయించిన కర్మాగారమును సంస్కరించి, 2024 అక్టోబరు 2న ఒక ప్రదర్శనశాలగా తెరచిరి. దాని ప్రవేశమునకు ముందుగా పేరు నమోదు చేసికొనవలెను. చీటీలను ముఖ్యముగా లాటరీ ద్వారా ఇత్తురు. లోపల ఆడుటకు ప్రతి సందర్శకునికిని పది నాణెములు లెక్కగట్టి ఇత్తురు. ఒక్కొక్క ఆటకు కొన్ని నాణెములు వ్యయమగును. అన్నియు ఆడుటకు అవి చాలవు. ఏది ఆడవలెనో, ఏది విడువవలెనో కుటుంబమంతయు కూడి ఆలోచింపవలసినదే. పొదుపునుండి పుట్టిన ఆటకు పొదుపుతో కూడిన ప్రదర్శనశాల తగియున్నది.

ఏ ఆటకైనను ప్రాణము ఆటగాండ్రలో నుండును. వైకుంఠపాళి పటమును బంగారుచట్రములో బిగించి గోడకు తగిలించినచో అది చిత్రమగును గాని ఆట కాదు. చాపపై పరచి గవ్వలు వేసినప్పుడే నిచ్చెనలు నిచ్చెనలగును. తెరలోని ఊరికి పోవువారును పటమును చూచుటకు గాక గవ్వలు వేయుటకు పోవలెను. మొదటి గవ్వ బిడ్డ చేతికిచ్చి, వంతు వచ్చువరకు ప్రక్కన నిలిచి సలహాలు చెప్పుట పెద్దల పాలు.